తల లోపలి సుకాంతి

నోటి దురుసున్న దేవిని నేను వెనకేసుకొస్తానని మా ఊళ్ళో ఆడవాళ్ళ కోపం. వెనకేసుకొస్తాను. పదిహేనేళ్ళు పలాస జీడి ఫ్యాక్టరీలో ఆమె పక్కన పీట వేసుకుని పప్పు మీది పొట్టు గీకినదాన్ని. అలాగని ఆమె చేసింది మంచిపని అనను. ఏం చేసిందో నా ఒక్కదానికే చెప్పుకుంది. అందుకే దాన్ని నేనే మోస్తున్నాను.

ఆమె అసలు పేరు సుకాంతి. పుట్టిల్లు బరంపురం అవతల పల్లె. మా ఊరి వైకుంఠరావు కొబ్బరికాయల లారీ మీద బరంపురం వెళ్ళివస్తూ, అక్కడే మనసుపడి, తాళి కట్టి తీసుకొచ్చేశాడు. గుమ్మంలోనే అత్త బొడ్డమ్మ కోడలి పేరు మార్చేసింది.

"సుకాంతీ లేదు, గికాంతీ లేదు. నీ పేరు దేవి. ఈ ఇంట్లోన తెలుగే."

బొడ్డమ్మ అన్నదంటే అన్నదే. కోడలి నోట ఒక్క ఒడియా ముక్క జారితే ఆ పూట అన్నం లేదు. ఊరికే మాన్పించడం కూడా కాదు. వడ్డించిన కంచం ఎత్తి, ఆమె కళ్ళముందే గేదె కుడితిలో బోర్లించేది. "నీ బాస గేదికి నేర్పు, పో," అనేది. ఆకలిని మించిన పంతులు లేడు కదా, ఏడాది తిరక్కుండా దేవి కుళాయి దగ్గర మా అందరినీ తెలుగులో కడిగిపారేసే స్థితికి వచ్చింది. కూతురు హేమలత పుడితే జోల కూడా తెలుగులోనే పాడింది. రాగం మాత్రం మాది కాదు. ఇక వైకుంఠరావు సంగతి చెప్పక్కర్లేదు, బయట పులి, తల్లి ముందు పిల్లి.

ఫ్యాక్టరీలో గుడ్డు పప్పు, అంటే విరగని జీడిపప్పు, సైజు చూడ్డానికి కాస్త తూచి, ఎన్ని గింజలు తూగాయో లెక్కపెట్టాలి. దేవి లెక్కపెడుతుంటే పెదాలు కదిలేవి, మాట వినిపించేది కాదు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"ఏ బాసలోనే లెక్కెడతన్నావు?"

బొడ్డమ్మ అక్కడెక్కడో ఉన్నట్టు అటూ ఇటూ చూసింది. "ఒడియాలోనే, నాగమణొదినా. లెక్కా, దణ్ణం, కోపం, అన్నీ తల్లోపల ఆ బాసలోనే. అక్కడికి అత్త రాలేదు. అక్కడ నాను సుకాంతినే."

నాకు ముచ్చటేసింది. ఎంతటి గయ్యాళి అయినా కోడలి తలలోకి దూరి కంచం లాక్కోలేదు కదా అనుకున్నాను.

మొన్న వేసవిలో, జీడితోటలో పిక్కలు ఏరుతూ బొడ్డమ్మ కుప్పకూలింది. పక్షవాతం. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. టెక్కలి ఆస్పత్రిలో పది రోజులు ఉంచి ఇంటికి పంపేశారు. అప్పటిదాకా మూగగా ఉన్న మనిషికి ఇంటికొచ్చాక నోరు తెరుచుకుంది. వచ్చింది మాత్రం తెలుగు కాదు, ఒడియా.

వైకుంఠరావుకి ముచ్చెమటలు పోశాయి. "మాయమ్మకి ఒడియా ఎక్కడిది?" అన్నాడు. నిజమే, ఎవరూ ఎప్పుడూ వినలేదు. మా ఊళ్ళో దేవికి తప్ప ఇంకెవరికీ ఆ భాష రాదు కూడా. రైలు కిందపడి చచ్చిన ఏ ఒడియా మనిషి దెయ్యమో పట్టిందని ఊరు తేల్చేసింది. మంత్రగాడొచ్చాడు. వేప మండలు పట్టుకుని "ఎవరివే నువ్వు?" అని తెలుగులో అడుగుతాడు, ఆవిడ ఒడియాలో ఏదో చెబుతుంది, వాడికి అర్థంకాక మండతో ఇంకో దెబ్బ వేస్తాడు. నేను అక్కడే ఉన్నాను. ఆపలేదు. నాకూ భయమేసింది మరి.

వైకుంఠరావు పెళ్ళాం వైపు తిరిగాడు. "నీ బాసే కదే. ఏటంతందో సెప్పు."

బొడ్డమ్మ ఎడం చేత్తో బొంత పీకుతోంది. కోడలి మొహంలోకే చూస్తూ ఒకటే మాట. "పింపుడి... పింపుడి కాముడుచి..."

దేవి చివరిదాకా విన్నది. తర్వాత చీరకొంగు దోపుకుంది.

"నాకు తెల్దు. ఈ ఇంట్లోన తెలుగే కదేటి? ఆ బాస మరిసిపోనాను."

ఆ ఇంటి చట్టమే అది.

మూడోనాడు పొద్దున్నే బొడ్డమ్మ పోయింది. స్నానం చేయించడానికి మా ఆడవాళ్ళం నలుగురం పట్టుకుని పక్కకి తిప్పాం. మెడ దగ్గర్నుంచి నడుందాకా వీపంతా ఎర్రటి దద్దుర్లు, పుళ్ళు. గ్లూకోజు నీళ్ళు ఒలికిన బొంత కింద ఎర్రచీమలు ముసురుకుని ఉన్నాయి. దేవి బిందెతో నీళ్ళు పోసింది, చీమలు కొట్టుకుపోయాయి.

మాలో అత్త పోతే కోడలు శవం తల దగ్గర కూచుని, రాగం తీసి, ఆమె గుణాలు చెప్పి ఏడవాలి. దేవి ఏడ్చింది. "నాకు మాట నేర్పిన తల్లీ, నా నోటికి తెలుగిచ్చిన తల్లీ" అని తీసిన రాగానికి మొగాళ్ళు కూడా కళ్ళొత్తుకున్నారు. కోడలంటే అదీ అని ఊరంతా మెచ్చుకుంది.

కర్మలయ్యాక ఫ్యాక్టరీకి వచ్చింది. పీట వేసుకుని, నేను అడక్కుండానే చెప్పింది.

"పింపుడంటే సీమలు, ఒదినా. సీమలు కుట్టేత్తన్నాయి అంది. దెయ్యమూ లేదు, ఏటీ లేదు. ఆ ముసిల్దీ మా వైపుదే, మా మామ్మ మాటాడినట్టే మాటాడింది. సిన్నతనంలో కోడలిగా తెచ్చి, దాని కూడు కూడా ఇలాగే కుడితిలో పోసుంటారు."

నా చేతిలో కత్తి ఆగిపోయింది. "తెలిసే ఊరుకున్నావా?"

"తెలిసే. రెండ్రోజులు. నన్ను 'ఝియ' అని పిలిసింది. ఝియంటే కూతురు."

ఆ క్షణాన దాని చెంప పగలగొట్టాలనిపించింది. "ఒక్క మాట సెప్పుంటే బొంత దులిపేవోళ్ళం కదే, పాపిష్టిదానా!"

"సెప్పాలనే నోరు తెరిసినాను, ఒదినా. ఈలోగా తల్లోపల ఇంకో మాట వచ్చీసింది. 'నీ బాస గేదికి నేర్పు, పో' అని. తెలుగులోనే. అచ్చం అత్త గొంతే."

తూచిన పప్పు ముందు పోసుకుంది. ఒక గింజ పక్కకి జరిపింది, రెండోది జరిపింది, ఆగిపోయింది. కుప్పంతా నా వైపు తోసేసింది.

"లెక్క నివ్వెట్టు, ఒదినా. నాను మొదలెడితే అత్త లెక్కెడతంది."