వదిన ఖాతాలో పడ్డ డబ్బు

మా వదినకు కుదరదనడం చేతకాదు. ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. తోటివాళ్ళు తమ వంతు గుట్ట కూడా ఆమె బల్ల మీద పడేసి టీకి పోతారు. "సరేలే, పోయి రండి" అంటుంది. ముంజేతుల నిండా కాలిన మచ్చలే. భర్త పోయాక ఆమెకు తమ్ముడే లోకం. ఆ తమ్ముడే మా ఆయన, సీసాల ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్న మహానుభావుడు.

పోయినేడాది నా ఎడమ కన్ను మసకబారింది. కంట్లో ఒత్తిడి పెరిగిందనీ, నెలలోగా ఆపరేషన్ చేయకపోతే చూపు పోతుందనీ, పోయింది మళ్ళీ రాదనీ డాక్టరు చెప్పాడు. ఇంట్లో చిల్లిగవ్వ లేదు. మిగిలిన ఆశ ఒక్కటే. ఫ్యాక్టరీవాళ్ళు మా ఆయన జీతంలోంచి పన్ను ఎక్కువ కోశారు, అది పన్నుల ఆఫీసు నుంచి వెనక్కి రావాలి.

వస్తే మాత్రం ఎక్కడ పడాలి? మా ఆయన ఖాతాలో పైసా పడితే బ్యాంకువాళ్ళు లాగేసుకుంటారు. ఒకప్పుడు వ్యాను కొని కుబేరుడినైపోతానని అప్పు చేసి, వ్యానూ పోగొట్టుకుని, వాయిదాలూ ఎగ్గొట్టాడు మరి! నాకా, ఖాతాయే లేదు. ఇంట్లోవాళ్ళది ఎవరిదైనా రాయొచ్చని పన్నుల ఆఫీసు గుమాస్తా చెప్పాడు.

"అక్కా, నీ ఖాతాలో వేయించుకుంటానే."

"దానిదేముందిరా, వేయించుకో."

పెట్టె అడుగునుంచి పాస్‌బుక్కు తీసి ఇచ్చింది. లాండ్రీలో జీతం చేతికే ఇస్తారు కాబట్టి దాన్ని ఆమె వాడిందే లేదు.

డబ్బు పంపామని కబురొచ్చింది. అక్కాతమ్ముళ్ళు బ్యాంకుకు వెళ్ళారు. కౌంటర్లో పిల్ల ఖాతా చూసి, ఏమీ లేదంది. ఇంటికొచ్చాక మా ఆయన అరుపులకు వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది.

"ఎవరికిచ్చావే? తోడబుట్టినదానివని నమ్మితే నా గొంతు కోస్తావా?"

"ఒట్టురా తమ్ముడూ, నేను ముట్టుకోలేదు" అని వదిన గోడకు ఒదిగిపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. కన్ను నాది, గోల ఈయనది. "మీరు నోరు ముయ్యండి! రేపు నేనే అడుగుతాను" అన్నాను.

మర్నాడు ముగ్గురం బ్యాంకుకు వెళ్తే మేనేజరు పాత ఫైలు తీయించాడు. వ్యాను అప్పుకు హామీ సంతకం వదినదే. హామీ ఉండేవాళ్ళకు ఆ బ్యాంకులో ఖాతా ఉండాలంటే మా ఆయనే దగ్గరుండి తెరిపించాడట. ఆ ఖాతాలోకే కోరి కోరి డబ్బు వేయించాడు. పడీపడగానే అప్పుకింద జమ కట్టుకున్నారు.

"ఇందులో మా తప్పేం లేదమ్మా" అన్నాడు మేనేజరు. నిజమే, ఏం లేదు.

మా ఆయన తల దించుకున్నాడు. మరిచిపోయాడట! వదినకైతే దేనికి సంతకం పెట్టిందో అప్పుడూ తెలియదు. "పోనీలేరా, నీ అప్పేగా తగ్గింది" అంది. అక్కతో తప్పయిందని ఒక్క ముక్క అనలేదు ఆ మనిషి. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

గడువు దాటిపోయింది. ఎడమ కన్ను పోయింది. ఇప్పుడు గ్లాసులో నీళ్ళు పోస్తే సగం బల్ల మీదే పోతాయి.

ఈమధ్య కుడి కన్ను కూడా మసకేస్తోంది. డాక్టరు మళ్ళీ అదే మాట. మా ఆయన ఎవరో ఫైనాన్సువాడిని ఇంటికి పిలుచుకొచ్చాడు. అప్పిస్తాడట, నెలజీతం ఉన్న మనిషి హామీ ఉండాలట. తీర్చకపోతే నేరుగా లాండ్రీకే వచ్చి వదిన జీతం పట్టుకుపోతాడట. అదంతా ఆమె ఎదుటే చెప్పాడు.

వదిన కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది.

"సంతకం ఎక్కడ పెట్టాలిరా?"

ఈయనగారు వాయిదాలు కట్టడని నాకు తెలుసు. వద్దు వదినా అనాలి. నాలుక చివరిదాకా వచ్చింది. ఇంతలో ఆమె పెన్ను కోసం బల్లంతా తడుముతోంది. అది నా పక్కనే ఉంది. తీసి నేనే అందించాను.