ప్రేమ్ కుమార్ బావ పోసిన నల్ల బీరు

మా ప్రేమ్ కుమార్ బావ ఇరవై రెండేళ్లు ఓడ మీద బార్లో పనిచేశాడు. మా దీవెన అక్కయ్య రేపల్లెలో టీచరు. చర్చిలో బావ గురించి ఎవరడిగినా "షిప్పులో ఉద్యోగమండి" అని మాట మార్చేసేది. బావకు అది ముల్లులా గుచ్చుకునేది.

బెల్జియంలో మఠాల్లోని సన్యాసులు కాచే నల్ల బీరంటే ఆయనకు ప్రాణం. పాత స్నేహితులెవరైనా తెచ్చిపెడితే ఏడాదికి ఒక్క సీసా తాగేవాడు. "మాడిన బెల్లం, ఎండు ఖర్జూరం వాసన తగులుద్ది బెన్నీ, గుక్కగుక్కకీ ఆగాలి" అనేవాడు నాతో. నేను నవ్వేవాణ్ణి. బుద్ధి తక్కువ!

మొన్న డిసెంబరులో తెనాలి రైసుమిల్లు యజమాని శేషగిరిరావుగారు సూర్యలంక బీచిలో అరవయ్యో పుట్టినరోజు చేసుకున్నారు. ఆయన మనవరాలికి అక్కయ్య చదువు చెప్పింది కాబట్టి మమ్మల్నీ పిలిచారు. ఆయన ఎంతో గొప్పగా తెప్పించుకున్న బీరు సరిగ్గా అదే. మనవాళ్ల అలవాటు ప్రకారం సీసాలన్నీ ఐసు టబ్బులో కుక్కేశారు. నురగ వస్తే మోసమన్నట్టు గ్లాసు అంచుదాకా నింపి, అడుగున ఉన్న మడ్డి కూడా ఊపి పోశారు.

ఒకాయన తాగి ఉమ్మేశాడు. రావుగారి ముఖం మాడిపోయింది. "పాడైపోయిన సరుకు అంటగట్టార్రా! ఇసకలో పారబొయ్యండి!" అని అరిచారు.

బావ లేచాడు. అక్కయ్య ఆయన చొక్కా పట్టుకు లాగింది. "కూర్చోండి, పరువు పోద్ది!"

"పారబొయ్యకండి. ఇరవై రెండేళ్లు నేను చేసిన పని ఇదేనండి" అన్నాడు బావ, అందరూ వినేలా. అక్కయ్య తల దించేసుకుంది.

సీసాలు ఐసులోంచి తీసి, నీడలో అరగంట కదపకుండా నిలబెట్టాడు. ఐస్‌క్రీముకని తెచ్చిన వెడల్పాటి గాజు కప్పులు తుడిచాడు. ఒకే ధారగా పోసి, రెండు వేళ్ల మందాన నురగ నిలిపి, మడ్డిని సీసాలోనే వదిలేశాడు. ఆ ఒడుపు చూస్తుంటే నాకు ఛాతీ పొంగింది.

రావుగారు ఒక గుక్క తాగి ఆగారు. మళ్లీ తాగారు. "ఏంటండీ ఇది! ఇందాకటిదేనా?"

"అదేనండి. ఐసులో పెడితే దాని నోరు నొక్కేసినట్టేనండి."

రావుగారి భార్య దుర్గాంబగారు అక్కయ్య వైపు తిరిగారు. "అయితే టీచరుగారూ, మీవారు షిప్పులో చేసింది ఈ పనేనా?"

అక్కయ్య తలెత్తింది. "అవునండి, బీరు పోసేవారు. ఇలా పోసేవాళ్లు మన జిల్లా మొత్తం మీద లేరండి." తర్వాత బావతో అంది, "ఏవండీ, నాకూ ఒక్క గుక్క పొయ్యండి."

బావ అక్కయ్య ముఖమే చూస్తూ పోశాడు. నురగంతా బల్ల మీద పడింది.