ఎప్పట్నుంచి అని డాక్టరు అడిగితే

శనివారం ఉపవాసం విడిచి పులిహోర తిన్నాను. కాసేపటికి కుడి డొక్కలో నొప్పి లేచి భుజం దాకా పాకింది. గ్యాస్ అనుకుని వాము నమిలాను. మరుసటి వారమూ అంతే. మేముండే గల్ఫ్ ఊరు రూవిలో, మా ఫ్లాటుకి దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్తే, అల్ట్రాసౌండ్ చూసి డాక్టరు, "గాల్ బ్లాడర్‌లో స్టోన్స్. సర్జరీ చేయాలి" అన్నారు.

ఎదురు ఫ్లాటు లావణ్యకి అంతకుముందే ఇదే సర్జరీ అయింది. ఖర్చెంతయిందని అడిగితే, "నాకేం తెలీదక్కా, కార్డు చూపించానంతే" అంది. వాళ్ళాయన కంపెనీ ఇంటిల్లిపాదికీ ఇన్సూరెన్స్ ఇచ్చింది. మావారి కంపెనీ రూల్ ఎంతవరకో అంతవరకే, అంటే ఆయన ఒక్కరికే. నన్ను ఈ ఏడాదే మేము విడిగా చేర్పించుకున్నాం. దీపం పెట్టి కళ్ళు మూసుకున్నా లావణ్య కార్డే కనిపించేది. డొక్కకన్నా ఆ మంటే ఎక్కువ.

ఇన్సూరెన్స్ వాళ్ళ అప్రూవల్ రాలేదు. కౌంటర్లో అమ్మాయి చెప్పింది: "ఐదేళ్ళుగా నొప్పి అని డాక్టర్ నోట్స్‌లో ఉంది మేడం. పాలసీకి ముందే ఉన్న జబ్బు. కవర్ కాదు."

ఎప్పట్నుంచని డాక్టరు అడిగినప్పుడు, "పాప పుట్టినప్పట్నుంచీ నా బతుకింతేనండీ" అన్నాను. పాపకి ఐదేళ్ళు. మనం మామూలుగా అనే మాటే కదా!

"మీ అమ్మకి ఫోన్లో చెప్పినట్టు చెప్పావా?" అన్నారు మావారు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఈలోగా చలిజ్వరం. ఇన్ఫెక్షన్ అని అడ్మిట్ చేశారు. డాక్టరు మంచం పక్కన కూర్చుని, "అప్పటి నొప్పీ ఇదీ ఒకటేనా? ఉన్నదే చెప్పండి" అన్నారు. అప్పటిది నడుంనొప్పి. డొక్కలో నొప్పి ఆ శనివారమే మొదలు. ఆయన వివరంగా రాసి పంపాక అప్రూవల్ వచ్చింది. ల్యాప్రోస్కోపీ చేశారు. ఆ చేతులకి దణ్ణం.

పాపని లావణ్యే చూసుకుంది, నాకు చారన్నం తెచ్చింది. రుణపడి ఉంటాను. "నాకు సింగిల్ రూమ్ ఇచ్చారక్కా" అన్నప్పుడు మాత్రం, పక్క మంచం ఆవిడ గురక వింటూ మళ్ళీ కుళ్ళుకున్నాను.

ఇప్పుడు బాగున్నాను. లావణ్యని చూస్తే ఇప్పటికీ కాస్త చురుక్కుమంటుంది. దానికి మందు దేవుడే ఇవ్వాలి.

నాలాంటి వాళ్ళకి ఒక్కటే చెప్తాను. ఎప్పట్నుంచి అని డాక్టరు అడిగితే, ఏ నొప్పి, ఎక్కడ, ఎప్పుడు మొదలైందో అంతవరకే చెప్పండి. మిగతా బాధంతా దేవుడికి చెప్పుకోండి. ఆయన నోట్స్ రాసుకోడు.