పాస్టరయ్య మీసాలు, కండెల అవ్వ చెవులు

ఇప్పుడంటే పక్క అర్రల ఉన్న మనిషితోని గూడ ఫోన్లనే మాట్లాడుతున్నం గని, నా చిన్నతనాన సిరిసిల్లల మాటకు గొంతుతోని పెద్దగ పనే ఉండకపోతుండె. మా వాడంత సాంచాలే (మరమగ్గాలను మేం గట్లనే అంటం). పొద్దున మొదలైందంటె ఆ టకటక సప్పుడుకు పక్కనున్న మనిషి చెవుల నోరు పెట్టి మొత్తుకున్నా ఇనవడది. అందుకే మా వాళ్లు పెదవులతోని, కనుబొమ్మలతోని, చేతులతోని మాట్లాడుకునేటోళ్లు. బాపు సాంచాలు నడిపేటోడు, అమ్మ అదే షెడ్డుల ఓ మూలకు కూసోని నూలు కండెలు సుట్టేది. నేను అన్నం డబ్బ పట్టుకొని పోయి గడప కాడ నిలవడితె, బాపు ఆ కొసన్నుంచి సప్పుడు లేకుండ "ఏం కూర?" అని అడిగేటోడు. నేను నోరు పెద్దగ తెరిచి, గాలి గూడ బయటికి రాకుండ "బీరకాయ" అనేదాన్ని. "మల్లనా?" అనేటోడు. "నన్నెందుకు అడుగుతవ్, గామెనడుగు" అని అమ్మ దిక్కు చూపెట్టేదాన్ని. గింత ముచ్చటలో ఒక్క అక్షరం గూడ గొంతు దాటకపోయేది.

సాంచాల కాడ పెరిగిన పిల్లలందరికి ఈ పెదవులు చదివే ఇద్దె ఎంతో కొంత అచ్చు. నాకు జెర ఎక్కువచ్చు. మనిషి మొకం పక్కకు తిప్పుకున్నా, నోట్లె పాన్ ఉన్నా, దవుడ కదిలే తీరు చూసి ఏమన్నరో చెప్పేదాన్ని. దీన్ని గొప్ప అని మా ఇంట్ల ఎవ్వలు అనుకోలే. (పక్కింటోళ్ల కొట్లాటను కిటికీలకెళ్లి చూసి ఇంట్ల అప్పజెప్తుంటి గనుక అమ్మ దీన్ని పాడలవాటు కిందనే జమ చేసింది.)

నాకు తొమ్మిదేండ్లున్నప్పుడు మా చర్చిల సండే స్కూల్ అక్క, "వచ్చే వారం ఎవల తలాంతు వాళ్లు దేవునికియ్యాలె పిల్లలూ" అని చెప్పింది. నేను దాన్ని తలంటు అనుకున్న. వారం తిరిగేసరికి తలకు ఇంత నూనె రాసుకొని, కుంకుడుకాయలతోని పోసుకొని, తడి జుట్టు ఇరబోసుకొని పోయి ముందటి వరుసల కూసున్న. అక్క నవ్వి, "తలాంతు అంటే దేవుడు నీకిచ్చిన నేర్పు బిడ్డా" అన్నది. అప్పటికే ఒక పిల్ల పాట పాడింది, ఇంకో పిల్లగాడు తబలా కొట్టిండు. నేను గూడ ధైర్యం చేసి పాట అందుకున్న. రెండో చరణం దాక పోనియ్యకుండ అక్క నా తల మీద చెయ్యి పెట్టి, "నువ్వు పెదవులు ఆడియ్యి, చాలు" అన్నది. నాకు ఏడుపచ్చింది గని, ఆ పని మాత్రం ఆ చర్చిల నాకన్న మంచిగ చేసేటోళ్లు లేరు!

అదే పూట అసలు కథైంది. పాస్టరయ్య ప్రార్థన చేస్తుంటె అందరు కండ్లు మూసుకున్నరు, నేను మూసుకోలే. సంఘపెద్ద తన భార్య దిక్కు వంగి, "ఈయన ఆమెన్ అనేటాల్లకు మటన్ దుకాణం బందైతది" అని పెదవుల్లనే అన్నడు. నాకు నవ్వాగలే. ప్రార్థన అయినంక ఆయనే లేచి, "దేవుని సన్నిధిల ఎందుకు నవ్వినవే?" అని గద్దించిండు. అడిగిండు గదా అని నేను ఉన్నదున్నట్టు చెప్పిన. ఆడోళ్లందరు కొంగులు నోట్లె కుక్కుకున్నరు. సంఘపెద్ద మొకం ఎర్రగైంది. "ఈ పిల్లను ఇకనుంచి బయట కూసోబెట్టుండ్రి!" అన్నడు. అమ్మ నన్ను గిచ్చిన గిచ్చుడుకు తొడ వారం దాక నల్లగుండె.

పాస్టరయ్య మాత్రం నన్ను దగ్గరికి పిలిచిండు. నన్ను గోడ కాడ నిలవడుమని, తను చెయ్యితోని మీసాలు పైకి పట్టుకొని, సప్పుడు లేకుండ పెదవులు కదిలిచ్చిండు. (ఆ మీసాల గురించి చెప్పాలె. మీది పెదవిని అవి ఎన్నడు బయటికి రానియ్యలే.)

"ఏమన్న?"

"'ఆకలైతున్నదా' అన్నరయ్యగారూ. అయితున్నది."

ఆయన నవ్వి, ముందటి చాప మీద కూసున్న కండెల అవ్వను చూపెట్టిండు. ఆమె నలభై ఏండ్లు సాంచాల నడుమ కండెలు సుట్టి సుట్టి చెవులు పోగొట్టుకున్నది. అయినా అందరికన్న ముందే చర్చికచ్చేది. మేమందరం ఒక పాట పాడుతుంటే ఆమె ఇంకో పాట పాడేది. పెదవులు చూసి మాట పట్టుడు ఆమెకు మాకన్న మంచిగ అచ్చు గని, పాస్టరయ్య మీసాల మీద ఆ ఇద్దె పనిచెయ్యలే. చెవులు పోయిన ఆరేండ్లసంది ఆమె ఒక్క వాక్యం గూడ ఇనలే, ఆ సంగతి ఎవ్వలకు చెప్పలే గూడ.

"అవ్వకు నా మాటలు నువ్వు చెప్పు బిడ్డా. నీ తలాంతు గదే" అన్నడు పాస్టరయ్య.

తర్వాతి ఆదివారం అవ్వ ముందు మోకాళ్ల మీద కూసున్న. పక్కింటోళ్లతోని ప్రేమగ ఉండాలె అని ఆయన చెప్పిండు, నేను పెదవులతోని అందిచ్చిన. అవ్వ కండ్లు పెద్దగైనయ్. చెవులు లేనోళ్లకు తమ గొంతెంత పెద్దగున్నదో తెల్వది గదా, ఆమె చర్చంత ఇనవడేటట్టు, "పక్కింటిదాంతోనా? నా కోడిపెట్టను పట్టుకపోయినదాంతోనా?" అన్నది. చర్చి మీది రేకులు ఎగిరిపోయేటట్టు నవ్విన్రు అందరు. అవ్వ గూడ నవ్వింది. జెరసేపైనంక కొంగు మొకానికి అడ్డం పెట్టుకున్నది. భుజాలు కదులుతుంటే అది నవ్వు కాదని నాకు సమజైంది.

ఇగ నన్ను పట్టేటోళ్లు లేరు. సంఘపెద్దనే నాకు ముందట జాగ ఇడిసిపెట్టిండు (నా దిక్కు చూసినప్పుడల్ల చేతిరుమాలు మూతికి అడ్డం పెట్టుకునేటోడు అనుకోండ్రి). రెండు మూడు నెలల్ల నాకు ఎంత గర్వమచ్చిందంటే, ప్రసంగం లాగుతున్నదనిపిస్తె నేనే కురచ చేసేదాన్ని.

ఆ ఏడు కోరుట్లల పందిరేసి పెద్ద ప్రార్థన కూడిక పెట్టిన్రు. మా చర్చోళ్లమందరం వ్యాన్ల పోయినం. జగిత్యాల నుంచి వచ్చిన పెద్ద పాస్టరు క్షమాపణ మీద మొదలుపెట్టిండు. ఆయన మాటలన్ని పుస్తకాల మాటలు, సగం నాకే సమజ్ కాలే. అవ్వ మాత్రం కండ్లార్పకుండ నన్నే చూస్తున్నది. ఏం చెయ్యాలె? సాంచాల కాడి సైగలు చేసిన. పోగు తెగింది. సాంచె ఆపు. ముడెయ్యి. ఆయన ఇంకో పావుగంట చెప్పిండు. నేను మల్ల అదే చూపెట్టిన. ఇంకో పావుగంటకు మల్ల అదే. అవ్వకు ఓపిక పోయి, పందిరంత ఇనవడేటట్టు, "ముడెయ్యుమన్నడు, సమజైంది. ఒక్క పోగుకు ఎన్ని ముళ్లేస్తడే?" అన్నది.

పందిరి కింద కొందరు నవ్విన్రు, కొందరు నాలికె కర్సుకున్నరు. పెద్ద పాస్టరు ఆగి నన్ను లేపిండు. "నేనేం చెప్పిన్నని ఆమెకు చెప్పినవమ్మా?" నేను మూడు సైగలు చేసి, నోటితోని గూడ చెప్పిన. అమ్మ దిక్కు చూడాలంటె భయమైంది. ఆయన బైబిల్ మూసిండు. "నేను చెప్దామనుకున్నది గూడ గదే. ప్రార్థన చేసుకుందాం" అన్నడు. ఆ పూట అన్నాలు మస్తు జల్దిన పెట్టిన్రు, నా దిక్కు ప్రేమగ చూడనోళ్లు లేరు.

అవ్వ మాత్రం బంతికి కూసోలే. నా రెక్క పట్టుకొని "నడువ్" అని రెండు గల్లీలు దాటిచ్చి ఒక ఇంటి ముందట ఆపింది. అది ఆమె చెల్లెలిల్లు. ఐదేండ్ల కింద చెల్లె కొడుకు పెండ్లిల ఇద్దరికి మాటలు బందైనయట, ఎందుకో అవ్వకే తెల్వదట. ఆ చెల్లె, చిన్నవ్వ, మమ్ములను చూసి లేవలే. మొకం గోడ దిక్కు తిప్పుకొని, కొంగు మూతికి అడ్డం పెట్టుకొని తిట్టుడు అందుకున్నది. "ఇన్నేండ్లకు యాదికచ్చిన్నా అక్కా? ఎందుకచ్చినవ్? అక్షింతలేద్దువు రమ్మని పదిమంది ముందట ఎనుకకెళ్లి పిలిస్తె పలుకకుండ ఎల్లిపోయినదానివి!"

అవ్వ నా భుజం తట్టి, "ఏమంటున్నదే?" అన్నది.

పందిట్ల నాకు అంత పేరచ్చిన పూట అది. నోరు తెరిచిన గని ఆ మాటలు నా పెదవుల మీదికి రాలే. "అన్నం తిన్నవా అని అడుగుతున్నది" అని చెప్పిన.

"ఇంక తినలే చెల్లె. పెట్టు!" అన్నది అవ్వ, వాడంత ఇనవడేటట్టు.

చిన్నవ్వ గిర్రున తిరిగింది. "ఏందే ఇది, నేనొకటంటే ఇదొకటంటది?"

"అవ్వకు చెవులు ఇనవడయ్!" అన్న. నా గొంతు గింత పెద్దగున్నదని నాకు గూడ అప్పుడే తెల్సింది. "ఆరేండ్లాయె. మీరు పిలిచింది ఇనవడలేదు!"

చిన్నవ్వ మూతి మీది కొంగు ఇడిసిపెట్టింది. వేళ్లు మడుచుకుంట ఏండ్లు లెక్కవెట్టింది, మల్ల అక్క మొకం చూసింది. కొంచెంసేపైనంక లేచి, కండ్లు తుడుసుకుంట, మూడు అన్నం తలెలు కడుక్కచ్చింది. పప్పుచారు, కోడిగుడ్డు పొరుటు. ఇద్దరు ఒకలి మొకం ఒకలు చూసుకుంట తింటుంటే మాట అందియ్యడానికి నాతోని పనే పడలే. నేను తిండి మీద పడ్డ.

సిరిసిల్లకు తిరిగి పోతుంటె వ్యాన్ల అవ్వ నా చెవి కాడికి వంగి, "అది తిట్టిందని నాకెర్కే. మొకం తిప్పుకున్నా దవుడ కనవడదా?" అన్నది. జెరాగి, "నువ్వు చెప్పిందే మంచిగుండె" అని నా మోకాలు మీద చెయ్యేసి నిద్రపోయింది.

ఇప్పుడు నేను జగిత్యాలల ఉద్యోగం చేస్తున్న, ఇద్దరు పిల్లల తల్లిని. దేవుని పని మీద పోయి అబద్ధమాడిన సంగతి పాస్టరయ్యకు ఇప్పటికి చెప్పలే. ఆదివారం మోకరించి తప్పులన్ని వరుసగ ఒప్పుకుంటనా, ఆ ఒక్కదాని కాడికచ్చేసరికి నవ్వస్తది. ఒప్పుకోకుండనే దాటేసి ఆమెన్ అంట.