అట్టడుగున నిలిచిన పాట

తెల్లారి పొయ్యి మీద టీ పెట్టి ఫోన్‌లో ఫలితం చూశాను. నేను నా పాట అనుకున్నది ఆఖరున ఉంది. ఆఖరంటే ఆఖరే, దాని కింద ఇంకెవరూ లేరు. టీ పొంగి పొయ్యి ఆరిపోయినా నాకు తెలియలేదు.

అది దేశానికొకరు చొప్పున పాడే పోటీ. అన్ని దేశాల జనమూ ఓట్లేస్తారు. ఫోన్‌లో పాటలు పెట్టుకుని జాకెట్లు కుట్టడం నాకలవాటు, అలా ఈ పోటీ కంటబడింది. మిగతావాళ్లవి మంటలు, పొగలు, గెంతులు. నాకు నచ్చిన పాటగాడు మాత్రం చేతులు కట్టుకుని నిలబడి, నాకు అర్థంకాని భాషలో పాడాడు. నడుమ ఒకచోట పాట ఆపేసి, కాసేపు ఊరికే చూస్తూ నిలబడతాడు. తర్వాత మళ్లీ ఎత్తుకుంటాడు. ఆ చోటుకొస్తే నా మిషను కూడా ఆగిపోయేది. అలాంటి పాటకు ఓటెయ్యలేదంటే ఆ జనానికి చెవులున్నది కమ్మలు పెట్టుకోవడానికేనా అని ఒళ్లు మండిపోయింది.

"నడమ మరిచిపోయినాడు పాపం. దానికి ఓట్లు యాడ పడతాయమ్మే? తప్పిపోయిన మేకపిల్ల అరిచినట్టుండాది," అంది మా అత్త. మా ఆయన పకపకా నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. పాట సంగతి తెలిసిన మనిషి ఆమె. ఓర్వకల్లు పక్కన మా ఊరి చర్చిలో, ఆమె కోడలిగా వచ్చినప్పటి నుంచీ కీర్తన ఎత్తింది ఆమే. నిరుడు మా మామ గుండెనొప్పితో పోయాడు. సమాధి దగ్గర కూడా ఆమె నోరు విప్పలేదు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం పాస్టరమ్మ "ఒక్క చరణమక్కా" అని బతిమాలడం, ఈమె తల దించుకోవడం. దుఃఖం గొంతు మింగేసిందన్నారు ఊళ్లో. ఇక ఆమె పాట వినమేమోనని మేమూ బెంగపెట్టుకున్నాం.

విత్తనానికి వేరుశనగ కాయలు ఒలిచే రోజులు. నేను దారాల కోసం కర్నూలు పోయి, పని తొందరగా అయిపోతే మధ్యాహ్నానికే బస్సు దిగాను. ఇల్లు చేరేసరికి పెరట్లోంచి నా పాట! ఫోన్ ఇంట్లో మరిచానా అని సంచి తడిమాను. ఫోన్ సంచిలోనే ఉంది. పెరటి గుమ్మం దాకా వెళ్లి తొంగి చూశాను.

అత్త ఒక్కతే చేట ముందు పెట్టుకుని కాయలు ఒలుస్తూ పాడుతోంది. రాగం అచ్చంగా అదే, ఒక్క విరుపు కూడా తప్పలేదు. మాటలు మాత్రం ఆమెవి.

"నొప్పని చెప్పక పోతివి గదప్పా
చెప్పులు వాకిట ఇడిస్తివి గదప్పా
యాడుండావప్పా..."

అతను ఆపిన చోటే ఆమె కూడా ఆపింది. చేతులూ ఆగాయి. నేను వెనక్కి అడుగేయబోతే కాలు బకెట్‌కు తగిలి చప్పుడైంది.

ఆమె గిరుక్కున తిరిగింది. ఆ ముఖంలో అంత వెలుగు నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ చూడలేదు. నన్ను చూసి, "నువ్వా," అంది. నేను మామను కానందుకు నాకే సిగ్గేసింది.

"ఇంత బాగ పాడతాండావే, చర్చిలో ఎందుకు పాడవత్తా?" అన్నాను.

"ఏమని పాడేది?" కాయను పటుక్కున చిదిపింది. "ఆడ అందురూ ఆయప్ప పరలోకంలో సుకంగా ఉండాడంటారు. రెండు మూడు దినాలు ఎదలో నొప్పి పెట్టుకోని, పక్కన పండుకున్న నాకు ఒక్క మాట చెప్పలేదు. నాకు శానా కోపముండాదమ్మే. దేవుని ముందర మొగున్ని తిట్టేకి అవుతాదా?"

ఏడాదిగా ఇంటిల్లిపాదీ ఆమె దుఃఖాన్ని ఓదారుస్తూ వచ్చాం. కోపంగా ఉందేమో అని ఒక్కరమూ అడగలేదు.

సంచి కింద పెట్టి ఎదురుగా కూర్చున్నాను. "ఇంకోసారి తిట్టత్తా," అన్నాను. ఆమె మొదట సిగ్గుపడింది, తర్వాత ఎత్తుకుంది. రెండో చరణానికి మాట దొరక్క తడుముకుంటుంటే నేనే అందుకున్నాను.

"బీడీ తాగొద్దంటే ఇనకపోతివి గదప్పా!"

కోడలు మామను తిట్టడం! అత్త చెయ్యి కాయల్లోనే నిలిచిపోయింది. నన్ను ఎగాదిగా చూసింది. అయిపోయాను, ఆ హక్కు ఆమె ఒక్కదానిదేనేమో అనుకున్నాను. ఆమె గొంతు సవరించుకుని, అదే మాటను నాకంటే పైస్థాయిలో ఎత్తుకుంది.