నాలుగు గంటల దూరం

కొల్లాపూర్ దగ్గర మా ఊరు. నేను డిగ్రీ చదువుతున్నప్పుడు మా అన్న దుబాయ్‌కి కూలి పనికి బయలుదేరాడు. అమ్మ ఏడుస్తుంటే నవ్వాడు.

"ఎందుకేడుస్తవమ్మా? విమానంల నాలుగు గంటలే. మనం ఈడికెళ్లి బస్సుల హైదరాబాదు పోయినంత సేపు."

అమ్మ ఆ మాట నమ్మింది. అడిగినవాళ్లందరికీ అదే చెప్పేది.

మరుసటి ఎండాకాలం, ఒక పొద్దున ఫోన్ వచ్చింది. కడుతున్న మేడ మీది నుంచి పడి అన్న చనిపోయాడు. "విమానంల పంపిస్తరట," అన్నాడు అన్నతో పనిచేసే ఆయన.

అందరం ఏడుస్తుంటే అమ్మ ఉన్నట్టుండి లేచింది. వాకిట్లో కాగు నిండా నీళ్లు పోసి పొయ్యి వెలిగించింది. మా వైపు చనిపోయినవారికి వేడినీళ్లతో స్నానం చేయించాకే పాడె ఎక్కిస్తారు.

"నాలుగు గంటలల్ల వస్తడు. నీళ్లు కాగాలె గదా," అంది.

కాగితాలకే చాలా రోజులు పడుతుందని చెప్పే ధైర్యం నాకు రాలేదు. సాయంత్రం దాకా నేనూ పక్కన కూర్చొని పొయ్యిలో కట్టెలు పెట్టాను.

నెల దాటాక అన్న మేకులు కొట్టిన పెట్టెలో వచ్చాడు. తెరవొద్దన్నారు. అమ్మ మళ్లీ నీళ్లు కాచి, చెంబుతో ఆ చెక్క మీదే పోసింది. తల ఉండే వైపు చేత్తో రుద్దుతూ, "గింత సేపా బిడ్డా," అంది.

మొన్న పక్కింటాయన దుబాయ్ పోతూ, "నాలుగు గంటలే," అని భార్యకు ధైర్యం చెబుతున్నాడు. నాకు పొయ్యి పొగ కళ్లలో పడినట్టయింది. గుమ్మంలో నిలబడి విన్న అమ్మ, అది అబద్ధమని అంటుందేమో అనుకున్నాను.

"పైలంగ పోయిరా బిడ్డా," అని మాత్రం అంది.