ఇంగ్లీషు మాట్లాడితే తడబడతాను

మొన్న ఆదివారం మా చెల్లెలి మనవరాలు నా మంచం మీద బాసింపట్టు వేసుక్కూచుని, ఫోనులో తను రాసుకున్న రెజ్యూమే చదివి వినిపించింది. కాలేజీ వార్షికోత్సవం నాడు కూల్‌డ్రింకుల బల్ల దగ్గర నిలబడ్డ సంగతి అందులో వందమంది బృందానికి నాయకత్వం వహించడం అయి కూచుంది. ‘అదేమిటే, ఆ రోజు కాళ్ళు లాగేస్తున్నాయని ఇంటికొచ్చి ఏడిచేవు కదా’ అన్నాను. ‘అందరూ ఇలాగే రాస్తారు అమ్మమ్మా, రాయకపోతే మనకే నష్టం’ అని నవ్వేసి లేచి వెళ్ళిపోయింది. నాకు నవ్వు రాలేదు, కోపమూ రాలేదు, ఒంట్లో ఉన్న ఓపికంతా ఎవరో తీసేసుకున్నట్టు నీరసం వచ్చింది. ఆ మధ్యాహ్నమంతా మా వారే గుర్తొస్తూ ఉన్నారు.

నా ఈడువాళ్ళకి రెజ్యూమే అంటే తెలియకపోవచ్చు గానీ బయోడేటా అంటే తెలియనివాళ్ళుండరు. తొంభైల చివర్లో అమలాపురం బస్టాండు వెనక సందులో ఓ డీటీపీ కొట్టుండేది, లోపల ఒక్కటే కంప్యూటరు, దాని మీద పువ్వుల గుడ్డ, దుమ్ము పడుతుందని చెప్పులు గుమ్మం బయటే విప్పించేవారు. గల్ఫు వెళ్ళాలనుకున్న ప్రతివాడూ ఆ గుమ్మం ఎక్కి దిగవలసినవాడే. ఆ కొట్టాయన చెయ్యి మంచిదని పేరు, అంటే ఆర్నెల్లు పనిచేసినవాడికి ఐదేళ్ళ సర్వీసు ఇట్టే వేసేవాడన్నమాట. దాన్ని అబద్ధం అని ఎవరూ అనేవారు కాదండీ, ‘కాస్త బాగా కొట్టించుకో’ అనేవారంతే. ఏజెంట్లూ అదే మాట, కన్నతండ్రులూ అదే మాట.

మా వారు కొబ్బరి పీచు ఫ్యాక్టరీలో స్టోర్ కీపరుగా పనిచేసేవారు. మిషన్ల బెల్టులూ, బేరింగులూ, డీజిలూ, పీచు కట్టలూ ఏది ఎక్కడుందో, ఎంత మిగిలిందో ఆయనకి తెలియాలి, తెలిసేది కూడాను. ఉన్నట్టుండి యజమానులు ఫ్యాక్టరీ మూసేసి రొయ్యల చెరువుల్లోకి దిగిపోయేరు. నలభై దాటిన మనిషి, ఇద్దరు పిల్లలు హైస్కూల్లో ఉన్నారు, మాకు సెంటు పొలం లేదు. ఎక్కడికెళ్ళి అడిగినా చూద్దామండీ అనేవారు, మా వైపు ‘లేదు’ అనడం అంత మర్యాదగా ఉంటుంది. అలా నెలలు గడిచిపోయేక రావులపాలెంలో ఒక ఏజెంటు, గల్ఫులో ఏదో కట్టుబడి కంపెనీకి స్టోర్ కీపరు ఒక్కడు కావాలన్నాడు. అచ్చంగా ఆయన చేసిన పనే, నేను ఆ పూటే దేవుడికి కొబ్బరికాయ కొట్టేశాను.

ఆ డీటీపీ కొట్టుకి నేనూ కూడా వెళ్ళేను. అక్కడ మొదలైంది ఆయన చాదస్తం. చేసినన్ని ఏళ్ళే వేయించేరు, తెలిసిన పనే చెప్పేరు. భాషల దగ్గరకొచ్చేసరికి కొట్టాయన ‘ఇంగ్లీషు బాగా వచ్చని కొట్టెయ్యమంటారా గురువుగారూ’ అన్నాడు. ‘వద్దండి, చదువుతాను, రాస్తాను, మాట్లాడితే తడబడతాను, అదే రాయండి’ అన్నారీయన. కొట్టాయన ఎగాదిగా చూసి, టైపు మిషను రోజుల్నుంచీ పాతికేళ్ళ సర్వీసులో ఇలాంటిది కొట్టలేదని గొణుక్కుంటూ, అదే ముక్క ఇంగ్లీషులో కొట్టి ఇచ్చేడు. బస్సులో ఇంటికొచ్చేదాకా నేను సణుగుతూనే ఉన్నాను. ఆయన కిటికీలోంచి కాలవ చూస్తూ కూచున్నారు.

మాకు తెలియనిదేమిటంటే, ఆ కొట్టాయనకి ఒక అలవాటుంది. ఒకరికి కొట్టిన బయోడేటా ఫ్లాపీలో దాచుకుని, అదే ఉద్యోగానికి వెళ్ళే ఇంకొకరొస్తే పేరూ, తండ్రి పేరూ, పుట్టిన తేదీ మార్చి ఇచ్చేసేవాడు. పాపం ఆయన తప్పు కూడా కాదు, అవతల గుమ్మం బయట జనం నిలబడి ఉండేవారు. తీసుకెళ్ళేవాళ్ళు కూడా తమ పేరు సరిగ్గా పడిందా లేదా అని చూసుకునేవారు గానీ కింద ఇంగ్లీషులో ఏముందో చదివిన పాపాన పోలేదు.

హైదరాబాదులో ఓ లాడ్జీలో ఇంటర్వ్యూ. ఈయన మెట్లెక్కేసరికి వరండాలో బెంచీ మీద మా తమ్ముడు కూచుని ఉన్నాడట. విశాఖపట్నంలో స్నేహితుడి పెళ్ళికని మాకు చెప్పి వెళ్ళిన మనిషి! బావగారిని చూసి వాడు లేచి నిలబడిపోయేడట, ఈయనే భుజం తట్టి కూచోబెట్టి, టిఫిను తిన్నావా అని అడిగేరట. వాడప్పటికి కొత్తపేటలో ఎరువుల కొట్లో ఏడాదిగా పనిచేస్తున్నాడు. రాజోలు వైపు సంబంధం ఖాయమైంది, పిల్లవాడు గల్ఫు వెళ్తున్నాడనే మాట మీదే వాళ్ళు ఒప్పుకున్నారు. కపిలేశ్వరపురం నుంచి మూడో మనిషొకడు వచ్చేడు. ముగ్గురూ ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా కూచున్నారట.

లోపల కంపెనీ పెద్దమనిషి ముగ్గురినీ ఒకేసారి పిలిపించి, మూడు కాయితాలూ బల్ల మీద పక్కపక్కన పరిచేడు. అదే పీచు ఫ్యాక్టరీ, అవే ఏళ్ళు, ముగ్గురికీ అదే ఉద్యోగం. పైగా మూడింటిలోనూ అదే మాట, ఇంగ్లీషు మాట్లాడితే తడబడతాను అని. ‘ఈ మాట బయోడేటాలో రాసినవాణ్ణి నా సర్వీసులో చూడలేదు, ఇవాళ ఒక్కరోజే ముగ్గురిని చూస్తున్నాను’ అని ఆయన కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వేడట. నవ్వడం అయ్యాక, ఏజెంటు చేత తెలుగులో అడిగించేడు, మీలో అసలు మనిషెవరు అని.

కపిలేశ్వరపురం ఆయన దణ్ణం పెట్టేసి, ‘నాకేం తెలీదండీ బాబూ, మావాళ్ళు రాయించేరండీ’ అని బయటికి నడిచేడు. ఇక మిగిలింది బావా బావమరుదులు. ఈయన నోరు తెరవబోయేలోగా మా తమ్ముడు తల వంచుకుని ‘నేనేనండి’ అనేశాడు. పెద్దమనిషి మా వారి వైపు తిరిగి, ఇతను చెప్పేది నిజమేనా అని అడిగేడు. ఒక్క మాట చాలును. ఫ్యాక్టరీలో ఏ బెల్టు ఏ మిషనుకో అడగండి అంటే చాలును, మా బతుకు ఒడ్డున పడిపోయేది. పేపరు మీద ఒక్క అక్షరం ఎక్కువ వేయించుకోని మనిషి, ‘ఆయ్, నిజమేనండి’ అన్నారు.

తిరిగొచ్చి, అన్నం తింటూ, ఇదంతా పక్కింటివాళ్ళ సంగతి చెప్పినట్టు చెప్పుకొచ్చేరు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకలా అన్నారండీ అని అరిచేను. ‘వాడు నోరు జారేశాడు. పదిమందిలో నేను కాదంటే వాడి మొహం ఏం కావాలి?’ అన్నారు. మరి మన పిల్లల మొహాలో అన్నాను. ఆయన మజ్జిగ పోసుకుని తినేసి, కంచం ఎత్తుకుని లేచిపోయేరు. మా ప్రాంతపు మర్యాద మీద అంత అసహ్యం నాకు మరెప్పుడూ కలగలేదు.

తమ్ముడు వెళ్ళేడు, సెలవు మీదొచ్చి పెళ్ళి చేసుకున్నాడు. వెళ్ళిన మొదటి వారమే వాడికి స్టోరులో కాళ్ళూ చేతులూ ఆడలేదు. శుక్రవారం వాళ్ళకి సెలవు. ఆ రోజు సాయంత్రం మా వీధి చివరి ఎస్టీడీ బూతుకి ఫోను చేసేవాడు, ఈయన ముందే వెళ్ళి స్టూలు మీద కూచునుండేవారు. సరుకు దిగగానే ఏం చూడాలి, ఏ పాత సరుకు ముందు ఇవ్వాలి, మేస్త్రీ చీటీ లేకుండా అడిగితే ఎలా తప్పించుకోవాలి, అన్నీ ఇక్కణ్ణుంచే చెప్పేవారు. బూతు ఆయన మా ఇంటికొచ్చి, ‘మీవారు గల్ఫులో ఉద్యోగం మా కొట్లో కూచుని చేస్తున్నారండీ’ అని నవ్వుతూ అంటే నేను లోపలికెళ్ళి తలుపేసుకున్నాను. పగలంతా రావులపాలెం అరటి మార్కెట్లో గెలలు లెక్కపెట్టే గుమస్తాగిరీ చేసి వచ్చిన మనిషి, శుక్రవారం వచ్చేసరికి మాత్రం మళ్ళీ స్టోర్ కీపరయ్యేవారు. ఆ ఒక్క పూటా ఆయన మొహంలో కళ ఉండేది, అది చూసి నేను మరి అడ్డు చెప్పలేకపోయాను.

ఏళ్ళు గడిచేక తమ్ముడికి ఈ ఫోన్లతో పనిలేకుండా పోయింది. పని నేర్చేడు, మంచి పేరు తెచ్చుకున్నాడు, వాడి కిందే నలుగురు చేరేరు. నా పిల్లల ఫీజులు కట్టింది కూడా వాడే, అది చెప్పకపోతే నాకు పాపం తగులుతుంది. అరటి మార్కెట్లో ఎండకీ వానకీ నిలబడి నిలబడి మా వారు మోకాళ్ళు పోగొట్టుకున్నారు, ఆ తర్వాత మనిషే పోయేరు. తమ్ముడి మీద కోపం ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. పట్టుకు వేలాడే ఓపిక లేకపోయింది, అంతే.

వాడు గల్ఫు వదిలొచ్చి కాకినాడలో ఉద్యోగానికి ప్రయత్నించినప్పుడు కొత్త బయోడేటా తెచ్చి నాకు చూపించేడు. ‘మొదటి లైను తప్ప అన్నీ నిజాలే అక్కా’ అని, ‘అది తీసేస్తే మిగతావి ఎలా మొదలయ్యాయో చెప్పలేను’ అన్నాడు. వాడు ఏడుస్తున్నాడు. నేను అద్దాలు పెట్టుకుని ఆ లైను చదివేను. ఆ ఫ్యాక్టరీ, ఆ ఏళ్ళు, ఆ ఉద్యోగం, అంతా మా వారి జీవితమే, పైన పేరు మాత్రం మా తమ్ముడిది. ఉంచుకోరా అన్నాను. ఇంకేం అనను?

ఇప్పుడు కంపెనీలు ఊరికే నమ్మవట, పాత యజమానులకి ఫోన్లు చేసి, ఈ మనిషి మీ దగ్గర పనిచేశాడా అని అడుగుతాయట. మంచిదే, కానీ ఆ ఫ్యాక్టరీ ఉన్నచోట ఇప్పుడు కల్యాణమండపం ఉంది. యజమానులు లేరు, కూలీలు ఎటు పోయేరో తెలియదు. అక్కడ ఒకాయన పదేళ్ళు స్టోర్ కీపరుగా పనిచేశారనీ, ఒక్క బోల్టు లెక్క తప్పలేదనీ చెప్పడానికి ఈ భూమ్మీద నేనొక్కదాన్నే మిగిలేను. నన్ను ఎవరూ అడగరు.